కోడిపిల్ల కంటికి దెబ్బ తగిలితే ముందు చూడాల్సింది దాని కడుపు

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది కనిగిరి పక్కన పల్లె. మా నాటుకోడి చేసిన పిల్లలు నెల దాటినయ్యి, ఇంకా తల్లి వెంటే తిరుగుతా ఉన్నయ్యి. నిన్న సాయంత్రం గద్ద వస్తే భయానికి అన్నీ దడిలో చిల్లకంప కిందకి దూరినయ్యి, బయటికొచ్చినాక చూస్తే ఒక పిల్లకి కుడికన్ను వాచిపోయి మూసుకొని ఉంది, రెప్ప మీద నెత్తురు. మా అత్తేమో పసుపు ఆముదం కలిపి పెట్టమంటది, పక్కింటామె ఉల్లిపాయ రసం పిండమంటది, మా ఆయన ఇంట్లో పిలకాయలకి కళ్ళకలక వచ్చినప్పుడు తెచ్చిన చుక్కల మందు మిగిలుంటే అది వేద్దామంటాడు. ఇయ్యాల పొద్దున కన్ను కొంచెం తెరిస్తే లోపల తెల్లగా పొర అడ్డం వస్తా పోతా ఉంది, దాన్ని లాగెయ్యాలంట గదా? మిగతా పిల్లలు కూడా దాని కంటినే పొడుస్తా ఉన్నయ్యి. కోడిపిల్ల కోసం పశువుల డాక్టరు వస్తాడా అని అందరూ నవ్వుతున్నారు. అది మా చిన్నదాని పిల్ల, రాత్రంతా ఏడ్చింది. బతుకుద్దా, లేక కోసెయ్యాల్సిందేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసిన రోజే ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పాను, అచ్చులో వచ్చేదాకా ఆగే విషయం కాదు గదా ఇది. మళ్ళీ ఇక్కడ వివరంగా ఎందుకు రాస్తున్నానంటే ఈసారి కోళ్ళ కళ్ళ మీదే ఇంకో మూడు ప్రశ్నలొచ్చినయ్యి, అన్నిట్లోనూ ఇదే కంగారు, ఇవే సలహాలు చుట్టుపక్కల వాళ్ళవి.

మీ పెద్ద భయానికి ముందు సమాధానం, కోసెయ్యక్కర్లేదు. కన్ను దక్కే అవకాశం బాగానే ఉంది, ఒకవేళ దక్కకపోయినా ఒంటికన్నుతో కోడి హాయిగా బతుకుద్ది. నేను చూసినంతలో ఈ వయసు పిల్లలు కంటి దెబ్బతో చచ్చిపోయేవి తక్కువ, ఆ కన్ను మూసుకుపోయి మేత కనపడక, మిగతా పిల్లలు తోసేస్తుంటే ఓ మూల ముడుచుకుని నిలబడి, రెండు మూడు రోజులు తినక తాగక నీరసించి పోయేవి ఎక్కువ. అందరి చూపూ కంటి మీదే ఉంటది, రోజుకి పదిసార్లు పట్టుకుని మందులేస్తారు, అది తిన్నదా లేదా అని మాత్రం చూడరు. అందుకే సాయంత్రం గూట్లో పెట్టేముందు మెడ కింద రొమ్ము మీద ఉండే మేత సంచి తడిమి చూడండి, నిండుగా మెత్తగా తగలాలి. ఖాళీగా తోలులా వేలాడుతుంటే ఆ పూట కంటి మందు కన్నా మేతే ముఖ్యం.

ఇప్పుడు ఆ తెల్ల పొర సంగతి. దాన్ని దయచేసి ఎవరూ ముట్టుకోవద్దు! కోడికి మనలా పైన కింద రెప్పలే కాకుండా మూడో రెప్ప ఒకటి ఉంటది, ముక్కు వైపు మూల నుంచి అడ్డంగా జారి కంటిని తుడిచి మళ్ళీ లోపలికి పోతది, దుమ్ము తుడవడానికి కంటిని తడిగా ఉంచడానికి పుట్టుకతో వచ్చిందది. బాగున్న కోడిలో అది ఎంత వేగంగా పోతదంటే మనకి కనపడనే కనపడదు. కన్ను నొప్పిగా ఉన్నప్పుడు నెమ్మదిగా, సగం మూసినట్టు నిలబడిపోతది, అప్పుడు చూసి పువ్వు వేసింది పొర కమ్మింది అని గోటితో బ్లేడుతో లాగేసిన వాళ్ళున్నారు, దాంతో బాగయ్యే కన్ను కూడా శాశ్వతంగా పోతది. అడ్డం వస్తా పోతా ఉంది అని మీరే రాశారు చూడండి, కదిలేది మూడో రెప్ప. కదలకుండా నల్లగుడ్డు మీద ఒకే చోట తెల్లగానో నీలంగానో మచ్చలా ఉంటే అది కనుగుడ్డు పైపొర మీద గీత పడిన గుర్తు, దానికి వైద్యం కావాలి, లాగడం కాదు.

పట్టుకునే పద్ధతి చెప్తాను, ఇక్కడే చాలామంది పిల్లని చంపుకుంటారు. పాత మెత్తటి టవల్ తీసుకుని రెక్కలు కొట్టుకోకుండా వదులుగా చుట్టండి, తల ఒక్కటే బయట ఉండాలి, రొమ్ము మీద మాత్రం గట్టిగా నొక్కకూడదు. కోడికి మనకున్నట్టు పొట్టకీ ఊపిరితిత్తులకీ మధ్య గాలి లాగే కండరం లేదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి ఆడుద్ది, అది కదలకుండా బిగించి పట్టుకుంటే చేతిలోనే ఊపిరాగిపోద్ది. మీరు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి, ఇంకొకరు సెల్‌ఫోన్ లైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి వెయ్యాలి, అప్పుడు కంటి మీద గీత ఉందా ముల్లు ముక్క ఉందా బాగా తెలుస్తది.

కడగడానికి మెడికల్ షాపులో ఎన్ఎస్ అని అడిగితే 100 ఎంఎల్ సెలైన్ బాటిల్ ఇస్తారు, అదే అన్నిటికన్నా మంచిది. దొరక్కపోతే అర లీటరు నీళ్ళు బాగా మరగబెట్టి అందులో మెత్తటి ప్యాకెట్ ఉప్పు చిన్న టీస్పూన్‌తో గీరి కొంచెం తక్కువగా వేసి కరిగించి చల్లార్చండి. లీటరుకి 9 గ్రాముల లెక్క అది, కన్నీళ్ళలో ఉప్పు దాదాపు అంతే కాబట్టి మండదు. ఏ రోజుకి ఆ రోజు కొత్తవి చేసుకోండి. రెప్పలు నెత్తురుతో అంటుకుపోయి ఉంటే బలవంతంగా విప్పొద్దు, గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో ముంచిన గాజుగుడ్డ నాలుగైదు నిమిషాలు ఊరికే కంటి మీద పెట్టి ఉంచితే ఆ గట్టిపడింది దానంతటదే నాని ఊడొస్తది. దూది వద్దు, పోగులు కంట్లో ఉండిపోతాయి. తర్వాత సూది తీసేసిన సిరంజితో ముక్కు వైపు నుంచి చెవి వైపుకి నెమ్మదిగా నీళ్ళు పారించండి, పిచికారీ కొట్టినట్టు కాదు. దుమ్ము, ఊక, చిన్న చెత్త ఉంటే కొట్టుకుపోతది. ముల్లు కనుగుడ్డులోకే దిగి ఉంటే మాత్రం పీకొద్దు, గుడ్డు కుంగిపోయినా, లోపలి జిగురు బయటికొచ్చినా కడగొద్దు, నొక్కొద్దు, ఆయింట్‌మెంట్ పెట్టొద్దు, పిల్లని చీకటిగా ఉండే అట్టపెట్టెలో పెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇంట్లో మిగిలిన చుక్కల మందు గురించి. మీ ఆయన ఆలోచన తప్పుపట్టను, ఏదో ఒకటి చెయ్యాలన్న తపనే అది. కానీ ఫోన్లో ఆ సీసా మీద ఏముందో చదవమంటే పేరు చివర డి అక్షరం ఉందన్నారు గుర్తుందా, సిప్లాక్స్ అయితే యాంటీబయాటిక్ ఒక్కటే, సిప్లాక్స్ డి అయితే అందులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా కలిసుంటది. కంటి పైపొర మీద గీత పడి ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే ఆ గీత మానదు, సూక్ష్మజీవులు లోపలికి తినుకుంటా పోయి గుడ్డే చితికిపోవచ్చు. వేసిన రోజు ఎరుపు తగ్గి బాగైనట్టే కనపడుద్ది, అదే మోసం. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఈ మూడు పేర్లలో ఏది కనపడినా పక్కన పెట్టెయ్యండి. గీత ఉందో లేదో డాక్టరు ఫ్లోరసీన్ అని నారింజ రంగు మందు చుక్క వేసి నీలం లైటులో చూస్తాడు, గీత ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తది, రెండు నిమిషాల పని. ఇంకోటి, మూత తీసి నెల దాటిన చుక్కల సీసా ఏదైనా సరే మనుషులకీ వాడకూడదు కోడికీ వాడకూడదు.

మామూలుగా ఇలాంటి దెబ్బకి డాక్టర్లు రాసేది సిప్రోఫ్లాక్సాసిన్ 0.3 శాతం చుక్కలు గానీ టోబ్రామైసిన్ 0.3 శాతం చుక్కలు గానీ, రోజుకి మూడు నాలుగుసార్లు ఒక్కొక్క చుక్క, ఐదు నుంచి ఏడు రోజులు. మీ పిల్లకి ఏది అనేది చూసిన డాక్టరే చెప్పాలి. కడిగాక కొంచెం ఆగి చుక్క వెయ్యండి, లేకపోతే ఆ నీళ్ళతోనే బయటికి పోద్ది. క్లోరాంఫెనికాల్ అప్లికాప్స్, అంటే కంటి ఆయింట్‌మెంట్ గుళికలు, ఇంట్లో ఉన్నాయని కొందరు వాడేస్తారు, ఆ మందు గుడ్డు కోసం మాంసం కోసం పెంచే జీవాలకి వాడకూడదు, 2025లో కేంద్రం దాన్ని ఆ అవసరానికి తయారుచెయ్యడం అమ్మడం కూడా నిషేధించింది. కోళ్ళకి మందు ఏదైనా వేశాక గుడ్డు తినడానికీ కొయ్యడానికీ ఎన్నాళ్ళు ఆగాలో డాక్టర్ని అడగండి. నొప్పికని డైక్లోఫెనాక్ అస్సలు వద్దు, రాబందుల్ని తుడిచిపెట్టిన మందు అదే, 2006లో పశువైద్యంలో నిషేధించారు, కోళ్ళకి కూడా కిడ్నీలు పోతాయి. నొప్పి బాగా ఉందనిపిస్తే మెలాక్సికామ్ బరువుని బట్టి డాక్టరు ఇస్తాడు.

పసుపు, ఆముదం, ఉల్లిరసం, సున్నం, పొగాకు నమిలి ఊయడం, ఇవేవీ కంట్లోకి వద్దమ్మా. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు, పసుపు కాలి గాయం మీద వేస్తే వేశారు గానీ కంట్లో ఆ పొడి గరుకుగా రుద్దుకుని గీత ఇంకా పెద్దదవుతది. సున్నం అయితే కంటిని కాల్చేస్తది. డెట్టాల్, స్పిరిట్, గాయాలకి పూసే నీలం మందు, ఈగలు వాలకుండా కొట్టే స్ప్రే, ఇవి కూడా అంతే. మీ అత్తగారికి ఇది నా మాటగా చెప్పండి, పసుపు మానేసి ఆవిడ చేత్తోనే గాజుగుడ్డ కాపడం పెట్టిస్తే ఆవిడకీ తృప్తిగా ఉంటది, పిల్లకీ మంచిది.

ఇంక మేత. మీ పిల్లకి దెబ్బ తగిలింది కుడికన్ను, ఇది చిన్న విషయం కాదు. కోడి రెండు కళ్ళూ చెరోవైపు ఉంటాయి, చెరో పని చేస్తాయి. గుడ్డులో చివరి రోజుల్లో పిల్ల మెడ తిప్పుకుని పడుకున్నప్పుడు కుడికన్ను పెంకు వైపు ఉంటది, ఎడమకన్ను ఒంటికి ఆనుకుని మూసుకుని ఉంటది, పెంకులోంచి వచ్చే వెలుతురు కుడికంటికే పడుద్ది. దానివల్ల పుట్టాక రాళ్ళల్లోంచి గింజని వేరుచేసి ఏరుకోవడంలో కుడికన్ను చురుగ్గా ఉంటది, ఎడమకన్ను గద్దలాంటి శత్రువుల్నీ కొత్త వస్తువుల్నీ కనిపెట్టడంలో చురుకు. కోడిపిల్లలకి ఒక్కో కన్ను మూసి శాస్త్రవేత్తలు పరీక్షించి తేల్చిన సంగతి ఇది. అంటే మీ పిల్ల ఇప్పుడు మట్టిలో చల్లిన నూకలు ఏరుకోలేక ఊరికే నేల పొడుస్తా ఉండొచ్చు, చూసేవాళ్ళకి తింటున్నట్టే ఉంటది, కడుపులోకి ఏమీ పోదు. అందుకని నేల మీద చల్లొద్దు. లోతులేని పళ్ళెంలో వట్టి మేత, స్టార్టర్ మాష్ అని పిల్లలకి అమ్మే పొడి మేత ఉంటే అది, లేకపోతే సజ్జ నూకలో ఉడికించిన గుడ్డు చిదిమి కలిపి కొంచెం తడిచేసి, ఎడమకంటి వైపు పెట్టండి. వేలితో పళ్ళెం మీద టకటకా కొట్టండి, తల్లి పొడిచే చప్పుడనుకుని వస్తది. మునగాకు సన్నగా తరిగి రోజూ కాస్త కలిపితే విటమిన్ ఎ అందుద్ది, కంటి పొరలు మానడానికి అది కావాలి. మునగచెట్టు లేని ఇల్లు మనవైపు తక్కువే గదా. విమెరాల్ లాంటి విటమిన్ మందు నీళ్ళలో కలపాలనుకుంటే సీసా మీద రాసిన మోతాదే, ఎక్కువ పోస్తే ఎక్కువ మంచి జరగదు.

నీళ్ళు సిరంజితో గొంతులోకి కొట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు చివర నీళ్ళలో ముంచి వదలండి, అది తల పైకెత్తి మింగుద్ది, నాలుగైదు సార్లు అట్టా చేస్తే గిన్నె ఎక్కడుందో దానికి తెలిసిపోద్ది. ఇంట్లో చిన్న కాటా ఉంటే రోజూ ఒకే వేళకి తూచండి. ఈ వయసు పిల్ల రోజురోజుకీ పెరగాలి, బరువు అట్టాగే నిలిచిపోయినా తగ్గినా తిండి చాలట్లేదని అర్థం.

మిగతావి పొడుస్తున్నాయన్నారు, ఎర్రగా కనపడిందాన్ని పొడవడం కోడి జాతి స్వభావం, నెత్తురు రుచి తగిలితే ఆపవు. అయితే పూర్తిగా వేరే గదిలో పెట్టేస్తే దిగులుతో అరిచి అరిచి తినదు, వారం తర్వాత వదిలితే కొత్త కోడి అనుకుని మళ్ళీ కొడతాయి. తల్లీ పిల్లలు తిరిగే చోటే గంప కింద మూయండి, తోడుగా ఒక నెమ్మదైన పిల్లని పెట్టండి, మాటలు వినపడతా ఉంటే చాలు. గంప మీద దోమతెర కప్పడం మర్చిపోవద్దు, మన ఎండలకి ఈగలు గంటల్లో గాయం మీద గుడ్లు పెడతాయి, మర్నాటికే పురుగులు. ఎండకాలం గంప నీడకి ఉండాలి, వానాకాలం తుఫాను గాలులున్న రాత్రుళ్ళు తల్లి రెక్క కింద లేదు కాబట్టి బల్బు వెచ్చదనం కావాలి.

ఎన్నాళ్ళకి తెలుస్తది అంటే, పైపొర గీత చిన్నదైతే రెండు మూడు రోజుల్లోనే కన్ను తెరవడం మొదలుపెడుద్ది. మూడో రోజుకీ గట్టిగా మూసుకునే ఉన్నా, వాపు పెరిగినా ఆగొద్దు. కోడికి చీము మనకిలా కారదు, రెప్ప కింద జున్నుముక్కలా గట్టిగా పేరుకుంటది, అది పైకి ఉబ్బెత్తుగా కనపడుద్ది, పిండితే రాదు, గిల్లితే గుడ్డుకి తగులుద్ది, డాక్టరే మెత్తబరిచి తియ్యాలి.

కోడిపిల్లకి డాక్టరు వస్తాడా అని నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. 1962కి ఫోన్ చెయ్యండి, సంచార పశువైద్య వాహనం నంబరు అది, డబ్బులు కట్టక్కర్లేదు. రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులు ఉంటే వాళ్ళకి చూపించినా దారి చెప్తారు. గేదెకి ఎంత హక్కుందో కోడికీ అంతే, పది కోళ్ళ మీద ఇంటి ఖర్చు గడుపుకునే ఆడవాళ్ళు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. మందు వేసిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, మీ చిన్నదానితో కూడా కడిగించండి.

ప్రశ్న: సార్, మాది బుచ్చిరెడ్డిపాళెం వైపు. షెడ్డులో నాటుపిల్లల్ని పెంచుతున్నా. పది పదిహేను పిల్లలకి ఒకేసారి కళ్ళు వాచి నీళ్ళు కారుతున్నయ్. కొన్నిటికి కంటి మూల నురగ. ఒకదానికొకటి పొడుచుకుని దెబ్బలు తగిలినయ్యేమో అని కంటి చుక్కలు వేస్తున్నా, తగ్గట్లేదు.

జవాబు: దెబ్బ అయితే ఒక పిల్లకి, ఒక కంటికి ఉంటది తమ్ముడూ, పదిహేను పిల్లలకి ఒకేసారి తగలదు. చుక్కలు ఆపి ముందు షెడ్డులోకి పోయి కింద కూర్చో, నీ మొహం పిల్లల ఎత్తుకి తెచ్చి గాలి పీల్చు. ముక్కులో ఘాటు కొడితే అది అమ్మోనియా, తడిసిన ఊక నుంచి వచ్చేది. 25 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళ గాలిలో 25 పాళ్ళు, దాటకూడదంటారు, మన ముక్కుకి తెలిసేసరికి ఆ దరిదాపుల్లోకి వచ్చేసినట్టే, రోజంతా ఆ ఎత్తులోనే ఉండే పిల్లల కళ్ళు కాలిపోవా మరి. తడి ఊక తీసెయ్, నీళ్ళ గిన్నెల కింద కారకుండా చూడు, పరదాలు పైనుంచి జానెడు దించి గాలాడనివ్వు. ఘాటు పోవడానికని పిల్లలుండగానే ఊక మీద సున్నం చల్లుతారు, అది అమ్మోనియాని ఇంకా పైకి లేపుద్ది, పైగా ఆ దుమ్ము కళ్ళలో పడి కాలుస్తది.

ఘాటు లేదు, నురగ ఉంది, తుమ్ములు గురక ఉన్నాయి అంటే సీఆర్‌డీ అనే ఊపిరి జబ్బు, మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చేది. మొహం ఒకవైపు ఉబ్బి ముక్కు నుంచి దుర్వాసన ఉంటే కొరైజా అనే జలుబు తెగులు. రెండింటికీ మందు నీళ్ళలో మొత్తం షెడ్డుకి ఇవ్వాలి, ఏ మందో డాక్టరు చూసి చెప్పాలి. మెడ తిప్పడం, పచ్చటి విరేచనాలు ఉంటే కొక్కెర తెగులు అనుమానించాలి, ఆలస్యం వద్దు. ఒకటి గట్టిగా చెప్తున్నా, మొహాలు ఉబ్బి కోళ్ళు గుంపుగా చచ్చిపోతుంటే చేత్తో ముట్టుకోవద్దు, కోసి చూడొద్దు, కాలవలో పారెయ్యొద్దు, ఎవరికీ అమ్మొద్దు, వెంటనే పశుసంవర్ధక శాఖకి చెప్పు. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో బర్డ్ ఫ్లూ తేలింది, నీకు గుర్తుండే ఉంటది, నీకు ఎంతో దూరం కాదు.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి రాస్తున్నానండి. వానలు మొదలైనాక మా కోడిపిల్లలకి రెప్పల మీద, జుట్టు దగ్గర పొక్కులు వచ్చి నల్లగా పెచ్చులు కట్టాయి, ఒకదానికి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెచ్చు ఊడదీసి మందు పెట్టమంటారా?

జవాబు: ఊడదియ్యొద్దండి, నెత్తురు వస్తది, మచ్చ పడుద్ది, ఆ పెచ్చుల్లోనే వైరస్ ఉంటది కాబట్టి మిగతా వాటికి అంటుకుంటది కూడా. ఇది దెబ్బ కాదు, కోళ్ళకి వచ్చే అమ్మోరు, ఫౌల్ పాక్స్. దోమలు కుట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి మోస్తాయి, మనకి కార్తీక మాసం వానల్లో దోమ ఎక్కువ గదా. వైరస్‌కి మందు లేదు, మూడు నాలుగు వారాల్లో పెచ్చులు వాటంతటవే రాలతాయి. ఈలోగా చెయ్యాల్సింది పైన కనిగిరి అమ్మకి చెప్పిందే, ఉప్పునీళ్ళ కాపడంతో రెప్ప తెరిపించడం, కనపడని పిల్లకి మేత నీళ్ళు నోటి దగ్గరికి తేవడం. నోట్లో గొంతులో కూడా తెల్ల పొర కట్టి ఊపిరి గురగురమంటుంటే అది ప్రమాదం, డాక్టరుకి చూపించండి. బాగున్న పిల్లల్ని వేరుచేసి రాత్రి దోమతెరలో పెట్టండి, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో రెక్క తోలుకి వేసే టీకా ఉంది, వచ్చే జట్టుకైనా తప్పకుండా వేయించండి.

ప్రశ్న: ఆత్మకూరు నుంచి. మా పెట్టకి పిల్లప్పుడు కాకి పొడిచి ఎడమకన్ను పోయింది, గాయం మానిపోయింది, ఇప్పుడు గుడ్లకొచ్చే వయసు. ఒంటికన్ను పెట్ట గుడ్లు సరిగ్గా పెట్టదు, పొదగడానికి పనికిరాదు, అమ్మెయ్యి అంటున్నారు. నిజమేనా అన్నా?

జవాబు: అమ్మొద్దు తల్లీ. గుడ్డు పెట్టడానికి కోడికి పగటి వెలుతురు పొడుగు తెలియాలి, ఆ వెలుతురుని అది కళ్ళతోనే కాదు, తల ఎముక గుండా మెదడులోకి దిగే వెలుతురుతో కూడా పసిగడుద్ది. రెండు కళ్ళూ లేని కోళ్ళు కూడా గుడ్లు పెడతాయని ఎప్పుడో రుజువైంది, నీ పెట్టకి ఒక కన్ను నిక్షేపంగా ఉంది.

ఎడమకన్ను లేదు కాబట్టి పైనుంచి వచ్చే గద్దని, ఎడమ పక్కనుంచి వచ్చే కుక్కని ఆలస్యంగా చూస్తది, ఆరుబయట ఒంటరిగా తిరగనివ్వకు, మందతో కలిసి తిరిగితే మిగతావి అరిస్తే ఇదీ పరిగెడుద్ది. పట్టుకునేటప్పుడు కుడివైపు నుంచి మాట్లాడతా దగ్గరికి పో, గుడ్డి వైపు నుంచి ఒక్కసారిగా చెయ్యేస్తే బెదిరి ఎగిరి కొట్టుకుంటది. కూర్చునే కర్ర మోకాలి ఎత్తు దాటనివ్వకు, ఒంటికంటికి దూరం అంచనా తప్పుద్ది, ఎత్తు నుంచి దూకితే కాళ్ళు విరుగుతాయి. మూసుకుపోయిన కంటి గుంతలో దుమ్ము చేరుద్ది, వారానికోసారి ఉప్పునీళ్ళ గాజుగుడ్డతో తుడువు, తడిగా వాసనగా ఉంటే చూపించు.

పొదుగుకి బాగానే పనికొస్తది. మొదటిసారి కాబట్టి ఏడెనిమిది గుడ్లే పెట్టు. గంపని గోడకి ఆనించి దాని ఎడమ పక్కకి గోడ వచ్చేట్టు చూసుకో, మేత నీళ్ళు కుడివైపు పెట్టు. పిల్లలు లేచాక మొదటి నాలుగు రోజులు గుడ్డి వైపున్న పిల్లల్ని చూడక తొక్కే అవకాశం ఉంది, కాబట్టి ఆ నాలుగు రోజులూ ఇరుకు గంపలో ఉంచకుండా వెడల్పాటి చోటు ఇవ్వు.